మరైగూడ దారిలో ఒక గోనెసంచి

భద్రాచలం బస్టాండులో చర్ల వెళ్ళే బస్సు బయలుదేరబోతుండగా, కండక్టరు మా కాళ్ళ మధ్య ఉన్న గోనెసంచిని చూచి అందులో ఏమున్నదని అడిగాడు.

"తలకాయ" అన్నారు మేస్త్రి గారు.

ముందు సీటులోని ఇద్దరు వెనక్కి తిరిగి చూచారు. కండక్టరు మాత్రం చలించలేదు. సంచిని కాలితో కాస్త కదిపి, బరువు అంచనా కట్టి, "తలకాయకైనా లగేజి టిక్కెట్టు తప్పదు" అని చీటీ చింపి చేతికిచ్చాడు.

సంచిలో ఉన్నది మారుతీ జిప్సీ వాహనపు సిలిండరు హెడ్డు. అల్యూమినియంతో పోతపోసినది, పాలు తాగే పిల్లవాణ్ణి ఎత్తుకున్నంత బరువు. విజయవాడ నుంచి దానిని మేమిద్దరం వంతులవారీగా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాము. చేర్చవలసిన చోటు మరైగూడ. ఒకప్పటి బస్తరు సంస్థానపు దక్షిణపు అంచున, గోదావరికి ఉత్తరాన, తెలంగాణ సరిహద్దును ఆనుకుని ఉన్న అటవీ గ్రామం. అక్కడ మేస్త్రి గారి తమ్ముడి జిప్సీ ఐదు నెలలుగా చింతచెట్టు కింద కదలకుండా పడి ఉన్నది.

ఈ ప్రయాణంలో నాకేమి పని అని పాఠకులకు సందేహం కలుగవచ్చును. నేను అనువాదకుణ్ణి. చదివినది ఆంగ్ల సాహిత్యం. బతుకుతెరువు కోసం మందుల చీటీల మొదలు మోటారు పుస్తకాల దాకా అన్నీ తెలుగు చేస్తుంటాను. ఆ మధ్య ఇంజన్ల పుస్తకమొకటి చేతికి వచ్చింది. అందులో ఒక అధ్యాయం పూర్తిగా సిలిండరు హెడ్డు గురించే. టర్బో వంటి సహాయమేదీ లేకుండా ఇంజను శక్తిని పెంచాలంటే హెడ్డును ఎట్లా మలచాలి, సంపీడన నిష్పత్తిని ఎంతవరకు ఎక్కించవచ్చు అనేది విషయం. మొదటి పేజీలోనే చిక్కుకున్నాను. బయటి వత్తిడి లేకుండా తన గాలి తానే పీల్చుకునే ఇంజనుకు ఇంగ్లీషువారు వాడే విశేషణం 'ఆస్పిరేటెడ్'. వ్యాకరణంలో ఆ మాటకే మహాప్రాణమని అర్థం. ఖ, ఘ, ఛ, ఝలు చదువుకున్న నా బుద్ధికి 'సహజ మహాప్రాణ యంత్రం' అని తోచింది. రాసి చూచుకుని నాకే నవ్వు వచ్చింది.

ఆ మాట వినిపించినపుడు మేస్త్రి గారు నవ్వలేదు. ఆటోనగరులోని తమ షెడ్డులో స్టూలు చూపించి కూర్చోమన్నారు. "కొలిమి చూశారా మాస్టారూ? తిత్తి వత్తితే గాలి వస్తుంది. టర్బో అంటే తిత్తి కట్టిన కొలిమి. ఇది తిత్తి లేని కొలిమి. దేవుడిచ్చిన గాలి ఎంతో అంతే. ఆ గాలిని వృథా పోనివ్వకుండా లోపలికి రప్పించడం, వచ్చినదాన్ని గట్టిగా నొక్కడం, ఇవి రెండే మన చేతిలో ఉన్నవి" అన్నారు. ఆ అధ్యాయం సారమంతా ఆయన ఈ నాలుగు మాటల్లో చెప్పేశారు.

విజయవాడ జవహర్ ఆటోనగర్ 1966లో ఏర్పడినది. లారీ బాడీలు కట్టేవారు, క్రాంకులు అరగదీసేవారు, స్ప్రింగు పట్టీలు కాల్చేవారు వీధులకు వీధులుగా స్థిరపడిన పట్టణమది. మేస్త్రి గారు యౌవనంలో కొన్నాళ్ళు మద్రాసులో ఉన్నారు. నగరానికి ఉత్తరాన షోళవరంలో, యుద్ధకాలంలో వేసిన విమానాల దారి మీద మోటారు పందేలు జరిగేవి. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర కొత్త పందెపు బాట వచ్చే వరకు దక్షిణదేశపు వేగప్రియులకు అదే తీర్థం. పందెపు కార్లకు హెడ్డు పని చేసే చోట ఈయన సహాయకుడిగా చేరి, వాల్వు సీట్లు అరగదీయడం నేర్చుకున్నారు. చేతిపనిలో ఆ పందేల నాటి పట్టింపు ఇంకా పోలేదు.

లెక్క ఆయన చెప్పినట్లే చెబుతాను. కొత్త తరం జిప్సీ ఇంజను బోరు 74 మిల్లీమీటర్లు, పిస్టను కదలిక 75.5. నాలుగు సిలిండర్లకు కలిపి 1298 ఘన సెంటీమీటర్లు. ఒక్కొక్కదానికి సుమారు 325. పిస్టను పైకంటా వచ్చినపుడు దాని నెత్తిమీద మిగిలే చోటు 40.6. కిందనున్నప్పటి మొత్తం చోటును ఈ మిగిలిన చోటుతో భాగిస్తే 9 వస్తుంది. కంపెనీ ఇచ్చిన సంపీడన నిష్పత్తి అదే. దానిని 10 చేయాలంటే మిగిలే చోటు 36.1కి దిగాలి. అంటే నాలుగున్నర ఘన సెంటీమీటర్లు మాయం కావాలి. టీ చెంచాడు కూడా కాదు. హెడ్డు అడుగుభాగాన్ని యంత్రం మీద మిల్లీమీటరుకు కాస్త పైగా చెక్కితే ఆ చెంచాడు తగ్గుతుంది. ఇంత చిన్న కోత కోసం అంత శ్రమ ఏమిటనిపిస్తుంది. కానీ ఆ లోహం ఒకసారి పోతే తిరిగి రాదు.

చెక్కిన తరువాత చేయవలసినవే ఎక్కువ. హెడ్డు కిందికి దిగింది కనుక వాల్వులు పిస్టనుకు దగ్గరవుతాయి. రెండూ ఢీకొంటే ఇంజను ముక్కలవుతుంది. పిల్లలు ఆడుకునే రంగుమట్టిని పిస్టను మీద అతికించి, ఇంజనును చేత్తో రెండు చుట్లు తిప్పి, మళ్ళీ విప్పి, మట్టి మీద పడిన వాల్వు గుర్తు దగ్గర ఎంత మందం మిగిలిందో కొలుస్తారు. క్యాము చక్రానికీ క్రాంకు చక్రానికీ మధ్య దూరం తగ్గుతుంది కనుక బెల్టు వదులై, వాల్వులు తెరుచుకునే వేళ కొద్దిగా వెనకబడుతుంది, దానిని సరిదిద్దాలి. చెక్కినపుడు ఏర్పడిన పదునైన అంచులను నునుపు చేయాలి. లేకపోతే అవి నిప్పుకణికల్లా ఎర్రబడి, ప్లగ్గు మెరవకముందే ఇంధనాన్ని అంటిస్తాయి. గాజుపలకకు గ్రీజు పూసి గదికి మూతగా అంటించి, దానిలోని రంధ్రం గుండా ఆసుపత్రి సిరంజితో కిరసనాయిలు ఎక్కిస్తూ నాలుగు గదులూ సమానంగా ఉన్నాయో లేదో ఆయన కొలిచి చూపించారు. అరగంట పట్టింది. ఒక చుక్క ఎక్కువైనప్పుడు మొదటి నుంచి మళ్ళీ కొలిచారు.

పోర్టుల సంగతి అడిగాను. గాలి వచ్చే దారిని ఎంత వెడల్పు చేస్తే అంత మేలు కదా అన్నాను. నేను తర్జుమా చేసిన వాక్యం అట్లాగే ఉన్నది. "గోదావరి భద్రాచలం దగ్గర ఎంత వెడల్పు! నీరు ఎట్లా నడుస్తుంది? పాపికొండల్లో ఇరుకు. అక్కడ చూడండి ఆ ఉరవడి. పందెపు కారు ఎప్పుడూ వేగంగానే తిరుగుతుంది, దానికి వెడల్పు కావాలి. సంతకు పోయే బండికి ఆ దారి పెద్దదైతే గాలి నిద్రపోతుంది" అన్నారు. ఇంటికి పోయి ఆ వాక్యం కొట్టివేసి మళ్ళీ రాశాను.

సంపీడనాన్ని ఎంత పెంచితే అంత లాభమన్నది కూడా సగం నిజమే. శాస్త్రజ్ఞుల ఆదర్శ లెక్క ప్రకారం నిష్పత్తి 7 ఉన్నపుడు ఇంధనపు వేడిలో 54 శాతం పనిగా మారగలదు. 9 దగ్గర 58.5, 10 దగ్గర 60.2, 12 దగ్గర 63. నిజమైన ఇంజను ఈ అంకెలకు చాలా దిగువన ఉంటుంది గాని పోలిక అదే. మెట్టు ఎక్కుతున్న కొద్దీ లాభం సన్నగిల్లుతుంది. ప్రమాదం మాత్రం సన్నగిల్లదు. గట్టిగా నొక్కిన మిశ్రమం వేడెక్కి, ప్లగ్గు నుంచి వచ్చే మంట చేరకముందే మూలమూలలా తనంతట తాను భగ్గుమంటుంది. ఇంగ్లండులో హ్యారీ రికార్డో మొదటి ప్రపంచ యుద్ధకాలం నుంచి ఈ వ్యాధి మీదే పరిశోధన చేసి, గదిలో గాలిని సుడులు తిప్పే హెడ్డును రూపొందించాడు. అమెరికాలో 1921లో థామస్ మిడ్‌గ్లీ పెట్రోలులో సీసపు సమ్మేళనం కలిపి దానిని అణచాడు. ఆ విషం మన దేశపు పెట్రోలులోంచి పూర్తిగా తొలగడానికి 2000 సంవత్సరం రావలసి వచ్చింది. 1967లో కాస్‌వర్త్ వారి పందెపు ఇంజను వచ్చినపుడు లోకం మెచ్చుకున్నది దాని హెడ్డునే. సిలిండరుకు నాలుగేసి వాల్వులు, వాటి మధ్య కోణం తగ్గించి చదును చేసిన చిన్న దహనగది. మేస్త్రి గారి గోడ మీద, వెంకటేశ్వరస్వామి పటం పక్కన, ఆ ఇంజను బొమ్మ ఒకటి వెలిసిపోయి ఉన్నది.

రెండేళ్ళ క్రితం ఆయన తమ్ముడు సైన్యం వేలం వేసిన జిప్సీ ఒకటి కొన్నాడు. మరైగూడ పరిసరాల సంతలకు ఉప్పు, ఉల్లి, ఎండుచేపలు చేరవేసి, తిరుగు ప్రయాణంలో చింతపండు, ఇప్పపువ్వు తెచ్చుకునే వ్యాపారం. బండి బరువు లాగలేకున్నదంటే అన్నగారు ముచ్చటపడి హెడ్డు విప్పి, పైన చెప్పినదంతా చేసి 10కి ఎక్కించి పంపారు. ఏడాది పాటు బండి గుర్రంలా నడిచింది.

ఇక ప్రయాణానికి వస్తాను. భద్రాచలం పట్టణం దాటగానే ఆంధ్రప్రదేశ్ బోర్డు కనిపిస్తుంది. కొంత దూరం పోగానే మళ్ళీ తెలంగాణ. 2014లో పోలవరం ముంపు మండలాలను విడదీసినపుడు పట్టణం ఒక రాష్ట్రంలో, పొలిమేరలోని పల్లెలు మరొక రాష్ట్రంలో పడినందున వచ్చిన చిత్రమిది. అసలు ఈ ప్రాంతానికి స్థిరమైన చిరునామా ఎన్నడూ లేదు. 1959 వరకు భద్రాచలం తూర్పుగోదావరిలో ఉండేది. తరువాత ఖమ్మంలో చేరింది. 2016 నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. అటు మరైగూడ కథ కూడా అంతే. బస్తరు జిల్లాలో పుట్టి, 1998లో దంతెవాడలోకి, 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోకి, 2012లో సుక్మా జిల్లాలోకి మారింది. ఊరు మాత్రం ఉన్నచోటనే ఉన్నది.

దుమ్ముగూడెం దగ్గర పందొమ్మిదో శతాబ్దపు ఆనకట్ట, పడవల కాలువ జాడలు ఉన్నాయి. మధ్యభారతపు పత్తిని గోదావరి మీదుగా సముద్రానికి దింపాలని కాటన్ దొర కలగన్నాడు. హేగ్ అనే ఇంజనీరు ఇక్కడ ఏళ్ళ తరబడి శ్రమించాడు. 1871లో ప్రభుత్వం పథకాన్ని వదిలివేసింది. బస్సు కిటికీలోంచి చూపిస్తే మేస్త్రి గారు ఒక్క క్షణం చూచి, సంచి జారకుండా మోకాలు అడ్డుపెట్టుకున్నారు.

లక్ష్మీనగరంలో దిగేసరికి తమ్ముడు మోటారు సైకిలుతో, మా కోసం మాట్లాడిన ట్రాలీ ఆటోతో సిద్ధంగా ఉన్నాడు. మాఘమాసం, మిరపకోతల కాలం. నెత్తిన మూటలు, చంకన పిల్లలతో బస్తరు కూలీలు గుంపులు గుంపులుగా గోదావరి వైపు నడుస్తున్నారు. మేము వారికి ఎదురు దిశలో పోతున్నాము. తాడిచెట్లు వెనకబడి, తునికి, ఇప్ప, మద్ది చెట్లు మొదలయినాయి. ఇరవై ఏళ్ళ అంతర్యుద్ధం ఈ అడవి మీద మిగిల్చిన గుర్తు దారి పొడవునా కనిపించే ముళ్ళకంచెల శిబిరాలు. అటువంటి చోట గోనెసంచిలో బరువైన లోహపు వస్తువుతో పోవడం తెలివైన పని కాదని నాకు తనిఖీ దగ్గర ఆగినపుడు గాని తట్టలేదు.

జవాను తుపాకి భుజాన సర్దుకుని సంచి విప్పమన్నాడు. మేస్త్రి గారి చేతులు కొద్దిగా వణికాయి. సంచి నోరు తెరవగానే ఆ యువకుడు వంగి, వేలితో వాల్వులు లెక్కపెట్టి, "అరే, యే తో జిప్సీ కా హెడ్ హై!" అన్నాడు. సర్వీసులో చేరిన కొత్తలో జిప్సీ నడిపేవాడట. సీటు కోత బాగున్నదని సైగచేసి, సంచిని తానే మడిచి కట్టాడు. మేస్త్రి గారికి హిందీ రాదు గాని ఆ ప్రశంస అర్థమైంది.

మరైగూడలో బోర్డులు హిందీలో ఉంటాయి. ఇళ్ళలో కోయ, దోర్ల మాటలు వినిపిస్తాయి. బేరం దగ్గరికి వచ్చేసరికి తెలుగు. విదేశం వచ్చినట్టూ, మేనమామ ఊరికి వచ్చినట్టూ ఏకకాలంలో అనిపించే చోట్లు తక్కువ. ఇది వాటిలో ఒకటి. తమ్ముడి ఇల్లు ఊరి చివర. వాకిట్లో చింతచెట్టు. దాని కింద దుమ్ము పట్టిన జిప్సీ. బానెట్టు మీద కోడి ఒకటి నిలబడి ఉన్నది.

అసలు సంగతి మాకు చెప్పినది తమ్ముడి భార్య. గడచిన శ్రావణంలో ఒక రాత్రి పాము కరచిన కుర్రవాణ్ణి ఈ బండిలో భద్రాచలం తీసుకుపోతున్నారు. వాగులో దిగి అవతలి గట్టు ఎక్కుతుండగా, కొన్నాళ్ళుగా వినవస్తున్న చప్పుడు పెద్దదై, తెల్లని ఆవిరి కమ్ముకుని ఇంజను ఆగిపోయింది. కుర్రవాణ్ణి మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి, తుండుగుడ్డతో కట్టి తీసుకుపోయారు. బతికాడు. ఆ పూట మా భోజనానికి నీళ్ళు తెచ్చిపెట్టినది ఆ కుర్రవాడే.

"మరి నాకెందుకు చెప్పలేదురా? వానలకు బండి ఆపానన్నావు" అన్నారు మేస్త్రి గారు. తమ్ముడు తల వంచుకున్నాడు. ఆమె అందుకుంది: "మా అన్న చేసిన పని, తప్పని ఎట్లా అంటానని కూర్చున్నారు బావగారూ. సంక్రాంతికి నేనే ఫోను చేయకపోతే ఇంకా ఇట్లాగే ఉండేవారు."

"చప్పుడు ఎట్లా ఉండేదమ్మా?" అని నేను అడిగాను. నా చేతిప్రతిలో దానికి 'విస్ఫోటక దహన ధ్వని' అని ఉన్నది.

"మంగలంలో పేలాలు వేగినట్టు" అన్నది ఆమె.

మేస్త్రి గారు భోజనం సగంలో లేచారు.

హెడ్డు విప్పేసరికి మధ్యాహ్నం దాటింది. రెండో మూడో సిలిండర్ల మధ్య గ్యాస్కెట్టు కాలి తెగిపోయి ఉన్నది. పిస్టన్ల అంచుల మీద ఉలిమొనతో పొడిచినట్లు సన్నని గుంటలు. పిస్టన్లు పగల్లేదు, బోరు గీసుకుపోలేదు, అంతవరకు అదృష్టం. ఆయన పాత హెడ్డును చెట్టు మొదట్లో బోర్లించి, సంచిలోంచి గాజుపలక, సిరంజి తీశారు. నాలుగు గదులూ మళ్ళీ కొలిచారు. రెండేళ్ళ క్రితం డైరీలో రాసుకున్న అంకెలతో సరిపోయాయి. "ఎక్కువ చెక్కలేదు" అన్నారు, ఎవరితోనో వాదిస్తున్నట్లు. "రోహిణికార్తె ఎండలో, ఐదు బస్తాలు వేసి కొండపల్లి దాకా నేనే నడిపి చూశాను. ఒక్క పేలం వేగలేదు."

కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. నిజం చెప్పవద్దూ, హెడ్డు మార్చి బిగించి బయలుదేరితే చీకటి పడకముందే లక్ష్మీనగరం చేరవచ్చునని నేను మనసులో లెక్క వేసుకుంటున్నాను. ఆయన మాత్రం కదలలేదు. చివరికి, "పెట్రోలు ఎక్కడ పోయిస్తున్నావురా?" అని అడిగారు.

భద్రాచలం వెళ్ళినపుడు బంకులో. మిగతా రోజుల్లో ఊరి దుకాణంలో. దుకాణదారు బంకు నుంచి డ్రమ్ముతో తెప్పించి సీసాలతో అమ్ముతాడు. మేస్త్రి గారు ఆ పెట్రోలు ఒక సీసా తెప్పించి, అంకెల గీతలున్న గాజుపాత్ర ఏదైనా కావాలన్నారు. ఆ ఇంట్లో అటువంటిది చంటిపిల్ల పాలసీసా ఒక్కటే. తల్లి అయిష్టంగానే ఇచ్చింది.

50 గీత వరకు నీళ్ళు పోశారు. దాని మీద 100 కొలత పెట్రోలు. మూత బిగించి కుదిపి, అరుగు మీద నిలబెట్టారు. నీరు అడుగున, పెట్రోలు పైన తేరాయి. నీటి గీత దాదాపు 50 దగ్గరనే ఉన్నది. సీసా కడిగి, ఆ ఉదయమే భద్రాచలం బంకులో నింపిన మోటారు సైకిలు ట్యాంకులోంచి పెట్రోలు తీసి అదే పరీక్ష చేశారు. ఈసారి నీటి గీత మెల్లగా పెరిగి 70 దగ్గర ఆగింది.

ఇప్పుడు మనకు దొరికే పెట్రోలులో ఇథనాలు కలుస్తున్నది. 20 శాతం కలిపినది 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి దేశమంతటా వ్యాపించింది. సంపీడనానికి తట్టుకునే గుణాన్ని కొలిచే ఆక్టేను సంఖ్య మునుపటి సాధారణ పెట్రోలుకు 91 అయితే, దీనికి 95. ఎత్తైన సంపీడనపు ఇంజనుకు ఇది వరమే. మద్యసారం ఈ పేలుడును ఆపుతుందని రికార్డో కాలానికే తెలుసు. అయితే మద్యసారానికి నీటిపై మక్కువ ఎక్కువ. నీరు హద్దు మీరి తగిలితే అది పెట్రోలును విడిచి నీటితో పాటు అడుగుకు దిగిపోతుంది. పాలసీసాలో ఆ 20 కొలతలు నీటివైపు వెళ్ళినది అందుకే. దుకాణపు పెట్రోలులో వెళ్ళడానికి ఏమీ మిగల్లేదు. ఇథనాలుతో వచ్చిన ఆక్టేను ఇథనాలుతోనే పోయింది.

మేమంతా దుకాణానికి నడిచాము. డ్రమ్ము చూరు కింద ఉన్నది. మూత ఏనాడో పోయింది, దాని స్థానంలో గుడ్డ ముక్క. వయసు మళ్ళిన దుకాణదారు నొచ్చుకున్నాడు. "నేను కల్తీ చేయను బాబూ. అడుగున మురికినీరు ఉంటుందని నాకు తెలుసు. దాన్ని ఎప్పుడూ ముట్టుకోను. గొట్టం పైనే పెట్టి తేట మాత్రం తీసి పోస్తాను" అన్నాడు. అతడు చెప్పినది అక్షరాలా నిజం. అడుగునీరు ఎన్నడూ పారబోయలేదు కనుక, కొత్తగా పోసిన ప్రతి డ్రమ్ములోని మద్యసారాన్నీ ఆ నీరే లాగేసుకుంటున్నది. అతడు జాగ్రత్తగా తేర్చి ఇచ్చిన తేటలోనే సత్తువ లేదు. మామూలు 9 నిష్పత్తి బండ్లు దానితో ఎట్లాగో ఈడ్చుకుపోతాయి. ఈ ఒక్క జిప్సీ, పూర్తి బరువుతో, తక్కువ వేగంతో వాగు గట్టు ఎక్కేటప్పుడు దానిని భరించలేకపోయింది.

డ్రమ్మును మేమే పొర్లించి అడుగునీరు ఊరికి దూరంగా, బావులు లేని వైపు గుంటలో పోసి, ఎండలో ఆరబెట్టాము. మేస్త్రి గారు మోటారు ట్యూబు ముక్క కోసి కొత్త మూత చేసి ఇచ్చారు. దుకాణదారు ఆయనకు బీడీకట్ట ఇవ్వబోతే వద్దన్నారు గాని, బెల్లంముక్క తీసుకున్నారు.

ఆ రాత్రి అక్కడే ఉన్నాము. మంచం మీద పడుకుని, పాత హెడ్డునే మళ్ళీ బిగించకూడదా అని అడిగాను. డ్రమ్ము బాగుపడింది కదా. ఆయన చాలాసేపు జవాబు చెప్పలేదు. "ఈ డ్రమ్ము బాగుపడింది. కిష్టారంలో డ్రమ్ము? గొల్లపల్లిలో? వచ్చే వానకు ఈ మూత ఉంటుందా? బండి తిరిగే దారి నాకు తెలుసుననుకుని చెక్కాను మాస్టారూ. నేను చూసింది విజయవాడ దారి" అన్నారు. స్పార్కు వేళను వెనక్కి జరిపితే చప్పుడు తగ్గుతుంది గదా అని నా పుస్తకజ్ఞానం ప్రయోగించాను. "తగ్గుతుంది. చెక్కి సంపాదించినది కూడా దాంతోపాటే పోతుంది. ఇక చెక్కడం ఎందుకు?"

మరునాడు ఉదయం గోనెసంచిలోని హెడ్డు బయటికి వచ్చింది. తుక్కులో కొన్న జిప్సీది. మందం కంపెనీ ఇచ్చినంత. అడుగు వంకర పోకుండా పేరుకు మాత్రం గీకించారు. కానీ వాల్వు సీట్లు మూడు కోణాలలో కోసి, గైడ్లు మార్చి, పోర్టులలో పోతపోసినప్పటి గరుకును, సీటు కింది మెట్టును మాత్రం తీసివేసి వెడల్పు పెంచకుండా ఉంచారు. ఆ పనికి ఆయనకు వారం పట్టిందని అప్పుడు చెప్పారు. పాత హెడ్డు ఇచ్చిన లాగుడులో ఎక్కువ భాగం సంపీడనం వల్ల రాలేదు, వాల్వులు గాలి ఆడకుండా కూర్చోవడం వల్ల వచ్చిందని ఆయన అభిప్రాయం. ఆదర్శ లెక్కలోని ఆ ఒకటిన్నర శాతం చిల్లర చూచిన తరువాత నాకూ అది సబబనిపించింది. అయినా ఆ చిల్లర వదులుకునేటప్పుడు ఆయన ముఖంలో కనిపించినది సబబు కాదు. షోళవరంలో నేర్చుకున్న పని అది. తమ్ముడికి ఇచ్చుకోగలిగిన మేలైన కానుక అనుకుని చేసినది.

బోల్టులు బిగించడం మధ్యనుంచి మొదలై అంచులకు పోతుంది, ఒకేసారి కాదు, మూడు విడతలుగా. టార్కు రెంచీ టక్కుమన్న ప్రతిసారీ పాముకాటు కుర్రవాడు సంఖ్య లెక్కపెట్టాడు. పది గంటలకు ఇంజను పలికింది. కోడి ఎగిరి గోడ మీద వాలింది.

తమ్ముడు మమ్మల్ని జిప్సీలోనే లక్ష్మీనగరం దింపుతానన్నాడు. వెనక చింతపండు బస్తాలు, వాటి మీద కోతకు పోయే కూలీలు నలుగురు. ట్యాంకులో పోసినది, మేస్త్రి గారు పట్టుబట్టినందువల్ల, దుకాణపు సీసాలలో మిగిలిన ఆ పాత తేటనే. వాగులోకి దిగి, అవతలి గట్టు ఎక్కేటప్పుడు తమ్ముడు గేరు మార్చబోతే ఆయన చేయి పట్టి ఆపారు. అదే గేరులో, నిండు బరువుతో, బండి మెల్లగా మూలుగుతూ పైకి పాకింది. మేస్త్రి గారు కళ్ళు మూసుకుని, చెవి డాష్‌బోర్డుకు ఆనించి ఉన్నారు. కూలీలలో ఒక స్త్రీ ఆయనకు ఒంట్లో బాగాలేదనుకుని మంచినీళ్ళ సీసా అందించింది.

గట్టు ఎక్కిన తరువాత ఆయన కళ్ళు తెరిచి ఆ నీళ్ళు తాగారు. చెక్కిన హెడ్డు సంచిలో నా కాళ్ళ దగ్గర ఉన్నది. భద్రాచలం చేరాక దానిని తుక్కు కింద అమ్మివేస్తారా అని అడిగాను.

"ఎందుకు? ఆటోనగరులో రోజూ బంకు పెట్రోలుతో తిరిగే జిప్సీ ఒకటి ఉన్నది" అన్నారు.